వంశవృక్షంలో లేని పేర్లు

(మద్రాసులో తెలుగు యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ కూడిక పెట్టిన పెద్దలు నాకిచ్చిన అంశం "తరతరాలకు మాట తప్పని దేవుడు". ఈ అంశం ఇస్తే మనలో ఎవరైనా మాట్లాడగలరు. మనం సొంత ఊళ్లు వదిలి వచ్చినవాళ్ల పిల్లలం కదా. తాత కట్టుబట్టలతో ఎట్లా దిగాడు, ఏ లైన్లలో ఉన్నాడు, అవ్వ ఎట్లా ప్రార్థన చేసింది, ఈ రోజు మనవలు ఎక్కడున్నారు... ఈ వరస మనందరి ఇళ్లలోనూ ఉంది. క్రిస్మస్‌కి ముందు కృతజ్ఞత కూడికలో ప్రతి ఇంటివారూ చెప్పుకుంటారు. అందరం ఆమెన్ అంటాం. అబద్ధమేమీ కాదు, నిజంగానే దేవుడు చేసిన మేలు.

నేను కూడా ఇరవై ఏళ్లుగా ఆ సాక్ష్యం చెబుతూ వచ్చాను. అయితే అయిదారేళ్ల క్రితం మా ఇంట్లో ఒక కాగితం బయటపడింది. దాని తర్వాత ఆ సాక్ష్యం పాత పద్ధతిలో చెప్పడానికి నోరు రావడం లేదు. ముందు అది చెప్పి, తర్వాత వాక్యంలోకి వస్తాను. మా ఇంటి సంగతి నలుగురిలో చెప్పుకోవడం సుఖంగా ఏమీ లేదు. చెప్పమని మా చెల్లెలే అంది.

మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి 1938లో కోలారు బంగారు గనులకు వచ్చాడు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. ఊళ్లో భూమి లేదు, చెరువు నీళ్లు ముట్టుకునే హక్కు లేదు. గనిలో పని దొరికింది. తట్టీలతో కట్టిన లైను ఇంట్లో కాపురం. అవ్వకు చదువు రాదు. ఆదివారం తెలుగు ఆరాధనలో విన్న వాక్యాన్ని విన్నది విన్నట్టు గుర్తుపెట్టుకుని ఇంటికొచ్చి పిల్లలకు చెప్పేది. ముగ్గురు పిల్లలు: పెద్దత్త, మా నాయన, చిన్నత్త. 1962లో తాత చీటీ పాడి, లైన్ల బయట చిన్న స్థలం కొన్నాడు. తొలి రెండు గదులు లేచేసరికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది. మా వంశంలో సొంత గోడ అంటూ కట్టుకున్న మొదటి మనిషి ఆయన. గృహ ప్రతిష్ఠ రోజు అవ్వ గుమ్మం పట్టుకుని ఏడ్చిందని చెబుతారు. "దేవుడు అబ్రాహాముకిచ్చిన మాట నాకూ ఇచ్చినాడు" అందట.

మా నాయన సాక్ష్యం ఎప్పుడూ అక్కడే ముగిసేది. ఆ తర్వాత నేను చదువుకోవడం, బెంగళూరులో ఉద్యోగం, అంతా దాని మీద కట్టిన అంతస్తులే.

నాయన 2019లో ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. ఇల్లు నా పేరికి మార్చుకోవాలని బీరువాలో కాగితాలు తీశాను. వాటిలో 1991 నాటి వంశవృక్షం ఒకటి ఉంది. కర్ణాటకలో ఉన్నవాళ్లకు తెలుసు, మనిషి పోయాక ఆస్తి మార్పుకి ఆ ఇంటి వారసులెవరో చూపించే కాగితం అది. పైన తాత పేరు. ఆయన పక్కన అవ్వ పేరు. కింద ఒక గీత. ఆ గీత కింద ఒక్కటే పేరు, మా నాయనది.

ఇద్దరు అత్తల పేర్లు లేవు. చనిపోయారనీ లేదు, హక్కు వదులుకున్నారనీ లేదు. అసలు పుట్టనే లేదన్నట్టుంది ఆ కాగితం.

అదే బీరువాలో, అదే అరలో తాత బైబిలు కూడా ఉంది. దాని మొదటి తెల్ల పేజీలో తాత చేతిరాత. ఎవరో నేర్పితే వచ్చిన అక్షరాలు, వంకర టింకరగా ముగ్గురి పేర్లు, పుట్టిన తేదీలు. అందరికన్నా పైన పెద్దత్త పేరు, 1944.

రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కూర్చున్నాను కానీ, నిజం చెబుతున్నాను, ఏమీ చెయ్యలేదు. అందరి ఇళ్లలోనూ ఇట్లాగే జరుగుతుంది అనుకున్నాను. బైబిలు తీసి పైన పెట్టాను. నాయన కింద గీత గీసి నా పేరు ఒక్కటే రాయించడానికి దరఖాస్తు ఫారం నింపడం మొదలుపెట్టాను. అప్పుడు మా చెల్లెలు ఫోను చేసింది. వేరే ఏదో మాట్లాడుతూ, మధ్యలో ఊరికే అడిగినట్టు అడిగింది: "అన్నా, ఈసారైనా ఆడపిల్ల పేరు రాస్తావా?"

నాకు కోపం వచ్చింది. రెండు నెలలు దానితో సరిగా మాట్లాడలేదు.

ఆ రెండు నెలల్లో ఒక ఆదివారం మా సంఘంలో సంఖ్యాకాండము వరసగా చదువుతున్నారు. ఇరవయ్యారో అధ్యాయం. జనాభా లెక్క, పేర్ల మీద పేర్లు. మనం సాధారణంగా దాటేసే అధ్యాయం. ఇరవై ఏళ్లు నిండి యుద్ధానికి వెళ్లగలిగిన మగవాళ్లను లెక్కబెడుతున్నారు. కానానులో ఎవరికెంత నేల అన్నది కూడా ఆ లెక్క మీదే ఆధారం. అంటే వాళ్ల వంశవృక్షం కాగితం అది. అంతా మగ పేర్లే. మనష్షే గోత్రం వచ్చేసరికి చదివేవారి నోట ఉన్నట్టుండి అయిదు ఆడ పేర్లు వచ్చాయి. సెలోపెహాదుకు కొడుకులు లేరు, కూతుళ్లే ఉన్నారని చెప్పి, వరసగా మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. లెక్కకు రాని మనుషులు వాళ్లు. అయినా లెక్క రాసినవాడు వాళ్ల పేర్లు రాశాడు.

మా కాగితంలో లేనివి అక్కడ ఉన్నాయి. ఆ రోజు ఇంటికొచ్చి ఆ అమ్మాయిల వంశమంతా చదివాను. మీరు కూడా ఓపిగ్గా నాతో వెనక్కి రండి, ఇది తరాల కథ.

ఆదికాండము చివరి అధ్యాయానికి వెళ్లండి. యోసేపు ముసలివాడయ్యాడు. మనష్షే కొడుకు మాకీరు, ఆ మాకీరుకు పుట్టిన పిల్లలు యోసేపు ఒడిలో పెరిగారని అక్కడ ఉంది. ఆ మాకీరు కొడుకు గిలాదు. గిలాదు కొడుకు హెపెరు, హెపెరు కొడుకు సెలోపెహాదు. వంశావళి లెక్క ప్రకారం చూస్తే, యోసేపు ఒడిలో ఆడుకున్న పిల్లవాడి మునిమనవరాళ్లు ఈ అయిదుగురు. యోసేపు చనిపోయే ముందు తనవాళ్ల దగ్గర ఒక ప్రమాణం తీసుకున్నాడు. దేవుడు మిమ్మల్ని తప్పకుండా చూడవస్తాడు, మా పితరులకు మాటిచ్చిన దేశానికి తీసుకెళ్తాడు, ఆ రోజు నా ఎముకలు ఇక్కడ వదిలిపెట్టకండి అని. ఐగుప్తులో మంత్రిగా బతికినవాడు, అక్కడే ఘనమైన సమాధి కట్టించుకోగలిగినవాడు. అయినా దేవుడిచ్చిన మాట మీద నమ్మకంతో తన ఎముకలను పెట్టెలో పెట్టించి, తర్వాతి తరాల చేతుల్లో పెట్టి వెళ్లాడు.

మోషే ఐగుప్తు నుంచి బయల్దేరేటప్పుడు ఆ ఎముకలు తీసుకునే వెళ్లాడు. అరణ్యంలో నలభై ఏళ్లు ఆ పెట్టె వాళ్లతోనే ఉంది. ఈ అయిదుగురు అమ్మాయిలు దాన్ని చూసే పెరిగి ఉంటారు. "అది మా తాతల తాతది, ఆయనకు దేవుడు మాటిచ్చాడు" అని వాళ్ల నాన్న చూపించి ఉంటాడు. ఇది నా ఊహ అనుకోండి. కానీ వాళ్లకు ఆ మాట మీద ఎంత నమ్మకముందో తర్వాత వాళ్లు చేసిన పనిలో కనిపిస్తుంది.

ఇరవై ఏడో అధ్యాయం. నాన్న అరణ్యంలోనే పోయాడు. ఈ అమ్మాయిలు ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గరికి వచ్చారు. అక్కడ మోషే ఉన్నాడు, యాజకుడైన ఎలియాజరు ఉన్నాడు, ప్రధానులున్నారు, సర్వ సమాజం ఉంది. ఇంతమంది మగ పెద్దల ముందు అయిదుగురు పెళ్లికాని ఆడపిల్లలు నిలబడ్డారు. మన సంఘాల్లో కమిటీ మీటింగు జరుగుతుండగా తలుపు తోసుకుని వెళ్లి నిలబడ్డట్టు అనుకోండి. ఏమడిగారు? మా నాన్న కోరహుతో చేరి తిరుగుబాటు చేసినవాడు కాదు, తన పాపాన తాను పోయాడు, కొడుకులు లేనంత మాత్రాన ఆయన పేరు వంశంలోనుంచి ఎందుకు కొట్టేస్తారు, మా చిన్నాన్న పెదనాన్నలతో పాటు మాకూ భాగం ఇవ్వండి.

గమనించండి, అప్పటికి ఇంకా కానానులో ఒక్క అంగుళం నేల చేతికి రాలేదు. యొర్దాను దాటలేదు. లేని పొలంలో వాటా అడుగుతున్నారు! దేవుడు ఇస్తానన్నాడు కాబట్టి ఇచ్చేసినట్టే అని నమ్మినవాళ్లు మాత్రమే అట్లా అడగగలరు. అదే అరణ్యంలో అంతకు ముందు మగవాళ్లు చాలామంది ఐగుప్తుకు తిరిగి వెళ్లిపోదాం అని గొణిగారు. వాగ్దానం మీద విశ్వాసం అంటే ఏమిటో చూడాలంటే ఈ అమ్మాయిల దరఖాస్తు చూడండి.

మోషే దగ్గర జవాబు లేదు. ఆయన చేతిలో ఉన్న ధర్మశాస్త్రంలో ఈ ప్రశ్నకు చోటు లేదు. మంచి పెద్దమనిషి కాబట్టి "ఇది మన ఆచారం కాదమ్మా" అనలేదు, దేవుణ్ణి అడిగాడు. దేవుడు ఏమన్నాడంటే, ఆ అమ్మాయిలు చెప్పింది సరైనది, వాళ్లకు స్వాస్థ్యం ఇవ్వు. ఒక్క వాళ్లకే కాదు, ఇక మీదట ఇశ్రాయేలులో ఇదే విధి అన్నాడు.

ఇక్కడ మీలో కొందరు లోపల ఒక మాట అనుకుంటున్నారు, నాకు తెలుసు. మా బంధువుల్లో ఒకాయన నాతో పైకే అన్నాడు: "వాళ్లకు అన్నదమ్ములు లేరు కాబట్టి ఇచ్చారు, కొడుకుంటే కొడుకుకే కదా?" నిజమే, ఆ విధి అట్లాగే ఉంది. కొడుకు లేకపోతే కూతురికి. అంతేకాదు, ముప్పై ఆరో అధ్యాయంలో ఆ గోత్రపు పెద్దలు మళ్లీ వచ్చి, వీళ్లు వేరే గోత్రంలో పెళ్లి చేసుకుంటే నేల చెయ్యి జారిపోతుందని బాధపడ్డారు. చివరికి సొంత గోత్రంలోనే చేసుకోవాలనే షరతు పెట్టారు. ఆ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు కొంచెం మింగుడుపడదు. ఆడపిల్లకు ఇచ్చినదాని చుట్టూ వెంటనే కంచె వేసే అలవాటు ఈనాటిది కాదని మాత్రం అర్థమవుతుంది.

అయితే వాక్యం అక్కడితో ఆగలేదు. యోబు గ్రంథం చివరి అధ్యాయం తీయండి. యోబుకు ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. కొడుకుల పేర్లు రాయలేదు. యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు అని కూతుళ్ల పేర్లు రాశారు. ఏడుగురు అన్నదమ్ములున్నా వాళ్లతో పాటు ఈ ముగ్గురికీ తండ్రి స్వాస్థ్యమిచ్చాడని ఉంది. ఎవరూ అడగలేదు, ఏ విధీ చెప్పలేదు. పిల్లలను పోగొట్టుకుని, బూడిదలో కూర్చుని లేచిన మనిషి అట్లా చేశాడు. ఇక గలతీయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయం మనకు కంఠతా వచ్చు. క్రీస్తులో పురుషుడని, స్త్రీ అని లేదు. ఆ మాట దగ్గర మనం ఆగిపోతాం. పౌలు ఆగలేదు, ఆ వెంటనే వచ్చే మాటలో మీరు వాగ్దానం ప్రకారం వారసులు అన్నాడు. వాగ్దానానికి వారసులు అని ఆడపిల్లల తల మీద చెయ్యి పెట్టి బాప్తిస్మమిచ్చి, ఇంటికి మాత్రం వారసులు కారు అంటామా?

యెహోషువ గ్రంథం పదిహేడో అధ్యాయం ఇంకా ముఖ్యమైనది. యొర్దాను దాటారు. మోషే లేడు. చీట్లు వేసి నేల పంచుతున్నారు. ఆ అయిదుగురూ మళ్లీ వచ్చారు. ఎలియాజరు ముందుకు, యెహోషువ ముందుకు వచ్చి, దేవుడు మాకిమ్మని మోషేకు ఆజ్ఞాపించాడు కదా అని గుర్తుచేశారు. దేవుడే స్వయంగా అవునన్న మాట. అది ధర్మశాస్త్రంలో రాసి ఉంది. అయినా పంచే రోజు వచ్చేసరికి మళ్లీ వచ్చి అడగవలసి వచ్చింది. దేవుడు మరచిపోలేదు, పంచేవాళ్లకు గుర్తుచెయ్యాలి అంతే. అడిగాక ఇచ్చారు. మనష్షేకు గిలాదు, బాషాను కాక పది భాగాలు వచ్చాయని లెక్క.

ఆ నేల ఏమైంది? 1910లో పాలస్తీనాలోని షోమ్రోనులో హార్వర్డు విశ్వవిద్యాలయంవారు తవ్వకాలు జరిపారు. ఇశ్రాయేలు రాజుల కోటలో సిరాతో రాసిన కుండ పెంకులు దొరికాయి. క్రీస్తుకు పూర్వం ఎనిమిదో శతాబ్దం నాటివి. ఏ ప్రాంతం నుంచి ఎన్ని జాడీల ద్రాక్షారసం, ఎంత నూనె వచ్చిందో రాసుకున్న పద్దులు. ఆ ప్రాంతాల పేర్లలో నోయా ఉంది, హొగ్లా ఉంది! వందల ఏళ్ల తర్వాత కూడా ఆ నేలను ఆ అమ్మాయిల పేర్లతోనే పిలుస్తున్నారు. తిర్సా అన్నది ఉత్తర రాజ్యానికి కొంతకాలం రాజధానిగా ఉన్న పట్టణం పేరు. తండ్రి పేరు కొట్టుకుపోతుందని భయపడి వచ్చారు కదా, దేవుడు వాళ్ల పేర్లను కూడా నేల మీద నిలబెట్టాడు. ఒక గుమాస్తా నూనె లెక్కల కోసం రాసుకున్న పెంకు మన కాలానికి సాక్ష్యంగా వచ్చింది. మా ఇంటి గుమాస్తా కాగితంలో మాత్రం ఆ రెండు పేర్లు లేవు.

ఇప్పుడు కాసేపు చట్టం సంగతి. యువతీ యువకులు ఇది వినాలి, మన సంఘాల్లో చెప్పేవాళ్లు తక్కువ. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. మనిషి వీలునామా రాయకుండా పోతే, భార్య ఉంటే ఆమెకు మూడో వంతు, మిగతాది పిల్లలకు సమానంగా. కొడుకు, కూతురు అని తేడా లేదు. పెళ్లయిందా లేదా అని కూడా లేదు. పక్కింటి హిందూ ఆడపడుచులకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో సమాన హక్కు ఆంధ్రలో 1986లో, దేశమంతటా 2005లో వచ్చింది. మన ఆడపిల్లలకు తండ్రి ఆస్తిలో సమాన వాటా అంతకన్నా ఎంతో ముందు నుంచే ఉంది. కేరళలో తిరువాన్కూరు ప్రాంతపు క్రైస్తవులకు మాత్రం 1916 నాటి వేరే చట్టం ఉండేది. కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు లేదా అయిదు వేల రూపాయలు, ఏది తక్కువైతే అది! మేరీ రాయ్ అనే టీచరమ్మ సుప్రీం కోర్టు దాకా వెళ్తే, 1986లో ఆ లెక్క పోయి అక్కడ కూడా 1925 చట్టమే వర్తిస్తుందని తీర్పు వచ్చింది. మనలో ఆదివాసీ కుటుంబాలవారికి కొన్నిచోట్ల వేరే నియమాలుంటాయి. యానాం వాళ్లలో కొందరికి ఫ్రెంచివారి కాలం నాటి చిక్కులుంటాయి. వాళ్లు తెలిసిన లాయరును అడగండి. తక్కినవారికి లెక్క ఇదే.

అంటే 1991లో మా ఇంట్లో జరిగింది ఆచారం కాదు. చట్టం ముందు తప్పు, తాత బైబిలు ముందు కూడా తప్పు.

"కట్నం ఇచ్చాం కదా" అన్నారు మావాళ్లు. కట్నం ఇచ్చిపుచ్చుకోవడమే 1961 నుంచి నేరం, అది ఆస్తి వాటాకు రసీదు ఎట్లా అవుతుంది? అయినా పెద్దత్తకు ఎవరేమిచ్చారు? ఆమె పదహారేళ్ల నుంచి కుట్టుమిషను మీద కూర్చుంది. ఆ డబ్బుతో తమ్ముడు పీయూసీ చదివాడు, టైపు నేర్చుకున్నాడు. ఇంటి రెండో గది పైకప్పు కూడా ఆ డబ్బే అని తర్వాత తెలిసింది. ఆమెకు పెళ్లి ముప్పై ఒకటో ఏట అయింది.

ఇంకొకరు పౌలును తెచ్చారు. సహోదరుల మీద వ్యాజ్యానికి పోవడం కంటే నష్టపోవడం మేలు కదా అని కొరింథీయులకు రాశాడు అన్నారు. రాశాడు. కానీ అదే చోట, సహోదరుల మధ్య తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడూ లేడా అని సంఘాన్ని నిలదీశాడు కూడా. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా, నష్టపోవడం మేలు అనే ముక్కను ఎప్పుడూ ఆడపడుచుల ముందే చదవడం ఎందుకని నా ప్రశ్న. అన్నదమ్ములు ఇద్దరూ గట్టు కోసం కొట్టుకుంటే ఆ వాక్యం ఎవరికీ గుర్తుకు రాదు!

సరే, నేనేం చేశాను? ముందు చెల్లెలికి ఫోను చేసి క్షమించమన్నాను. తర్వాత ఇద్దరం కలిసి పెద్దత్త దగ్గరికి వెళ్లాం. బంగారుపేటలో కొడుకు ఇంట్లో ఉంటుంది. ఆ రెండు కాగితాలు, అంటే వంశవృక్షం, బైబిలు మొదటి పేజీ, రెండూ ఆమె ముందు పెట్టాను. చూపు సరిగా ఆనదు. నేనే చదివి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. ఎవరో కాఫీ తెచ్చారు, అది చల్లారింది.

"నాకు తెలుసులేరా" అంది.

"తెలిసి కూడా ఎందుకు అడగలేదత్తా?"

"నన్నెవరు అడిగినార్రా నాయనా? అక్కా, ఈ ఇల్లు నేను తీసుకుంటాను, నీకు సమ్మతమేనా అని వాడొక్క మాట అడిగుంటే సంతోషంగా రాసిచ్చేదాన్నేమో. వాడు అడగలేదు. నేను లేనట్టు రాయించినాడు."

కాసేపయ్యాక ఇంకో మాట అంది. ఏటా కృతజ్ఞత కూడికలో మా నాయన సాక్ష్యం చెప్పేటప్పుడు ఆమె మూడో వరసలో కూర్చునేది. దేవుడు మా తండ్రికి ఇల్లిచ్చాడు, ఆ తండ్రి నుంచి నాకిచ్చాడు అని ఆయన అనగానే అందరూ ఆమెన్ అనేవారు. "నేను కూడా ఆమెన్ అన్నాను రా. ఇరవై ఎనిమిదేళ్లు అన్నాను. దేవుడు ఇచ్చిన మాట నిజమే కదా, ఎట్లా అననూ?"

మా అత్తను గొప్ప చేయడానికి ఇది చెప్పడం లేదు. ఆమె ఓర్పు చూసి మురిసిపోతే నా పని సులువవుతుంది. ఆమె ఆమెన్ అన్న ప్రతిసారీ ఆ సాక్ష్యం సగమే అని ఆమెకు తెలుసు, మా నాయనకు తెలుసు, దేవునికి తెలుసు. మా నాయన చెడ్డవాడు కాదు. ప్రార్థన మానిన రోజు లేదు. అందుకే నాకు భయం. అంత ప్రార్థన చేసే మనిషి అంత సులువుగా ఒక గీత కింద ఒక్క పేరే రాయించగలిగితే, నేనెంత?

దేవుని కృప అంటే ఏమిటో నాకు ఆ రోజు వేరుగా అర్థమైంది. మా వంశం మంచిది కాబట్టి దేవుడు మాట నిలబెట్టుకున్నాడని లోలోపల ఒక గర్వం ఉండేది. కాదు. యాకోబు అన్నను మోసం చేశాడు. యోసేపు అన్నలు తమ్ముణ్ణి అమ్మేశారు. ఆ ఇంట్లో ఒకరినొకరు కొట్టేసుకుంటూనే వచ్చారు. దేవుడు వాళ్ల మధ్య నుంచే ఆ మాటను ముందుకు తీసుకొచ్చాడు. మా ఇంట్లో కూడా అంతే. చెల్లెలి నోట ఆ ప్రశ్న పెట్టింది ఆయనే అని నేను నమ్ముతున్నాను. అడిగినప్పుడు నాకు కోపం వచ్చింది కాబట్టి అది నా ఆలోచన కాదని గట్టిగా చెప్పగలను.

తర్వాత జరిగింది ఆఫీసుల చుట్టూ తిరుగుడు, ఎక్కువ చెప్పను. వంశవృక్షం కొత్తగా రాయించాం. తాత కింద ముగ్గురు, నాయన కింద ఇద్దరం. భాగ పరిష్కార దస్తావేజు రిజిస్టరు చేయించడానికి ఏడాదిన్నర పట్టింది. లాయరు ఒకసారి నవ్వి, "తీసుకోవడానికి వచ్చేవాళ్లను చూశాను గానీ ఇయ్యడానికి ఇంత తిరిగేవాళ్లను చూడలేదు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే అప్పటికి బ్యాంకు అప్పు లెక్క వేసుకుంటున్నాను. ఇల్లు అమ్మడానికి పెద్దత్త ఒప్పుకోలేదు. ముందు భాగం అద్దె ఇప్పుడు ఆమె చేతికి వెళ్తుంది. 1991 నుంచి మేం తిన్న అద్దె సంగతి ఆమె ఎత్తలేదు. నేనే లెక్క కట్టాను, మొత్తం ఒకేసారి ఇవ్వలేను, నెలనెలా కొంత ఇస్తున్నాను. మా ఇంట్లో దీని మీద ఒకటి రెండు రాత్రులు గొడవ కూడా అయింది. నా భార్య అడిగిన ప్రశ్న న్యాయమైనదే: మన పిల్లల చదువు సంగతేమిటి అని. ఆమెకు ఇప్పటికీ పూర్తి జవాబు చెప్పలేదు.

పోయిన డిసెంబరులో కృతజ్ఞత కూడిక మళ్లీ పెట్టుకున్నాం. సాక్ష్యం పెద్దత్తను చెప్పమన్నాం. ఎనభై ఏళ్ల మనిషి, ఇల్లు గురించి చెబుతుందనుకున్నాం. ఆమె కుట్టుమిషను గురించి చెప్పింది! వాయిదాల మీద కొన్నది, ఒక నెల వాయిదా కట్టలేక మిషను తీసుకెళ్లిపోతారని రాత్రంతా ప్రార్థన చేసింది, తెల్లారి ఎవరో పెళ్లి బట్టలు కుట్టమని తెచ్చారు. పది నిమిషాలు అదే చెప్పింది. ఆ సాక్ష్యం మా ఇంట్లో అరవై ఏళ్లుగా ఎవరూ వినలేదు. అవ్వ చెప్పిన వాక్యాలు, తాత గని కథలు అన్నీ మాకు కంఠతా వచ్చు, ఇది మాత్రం రాదు.

చిన్నత్త 2011లోనే పోయింది. ఆమెకు ఇద్దరు పిల్లలు, వేలూరులో ఉంటారు. కూతురు వచ్చి సంతకం పెట్టి, వాటా తీసుకుని, మాతో భోజనం చేసి వెళ్లింది. కొడుకు రాలేదు. ఆయన వాటా బ్యాంకులో వేరే ఖాతాలో వేసి ఉంచాం. ఫోను ఎత్తడు. ఒకే ఒక్కసారి ఎత్తి, "మా అమ్మ బతికుండగా రావాల్సింది బావా" అని పెట్టేశాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

రేపు పొద్దున బెంగళూరు వెళ్లే దారిలో వేలూరులో దిగుతున్నాను. ఆయన ఇంటికి వెళ్తాను. తలుపు తీస్తాడో లేదో తెలియదు. నాతో తాత బైబిలు తెచ్చుకున్నాను, మొదటి పేజీలో వాళ్లమ్మ పేరు చూపించాలని. మీరందరూ దయచేసి ఈ సంగతి కోసం ప్రార్థన చేయండి.